పచ్చితోలు చెప్పుగా ఎలా నిలుస్తుంది?

మేకలు, గొర్రెలు మేపుకునే ఉదయగిరి, ఆత్మకూరు పల్లెల్లో పచ్చితోలు సంగతి అందరికీ తెలుసు. ఉప్పు చల్లకపోతే రెండు రోజుల్లో కంపు కొడుతుంది. అదే తోలు చెప్పయ్యాక ఏళ్లతరబడి ఉంటుంది. ఎందుకు?

తోలంతా కొల్లాజెన్ పోగులే. సూక్ష్మజీవులు వాటిని తినేస్తాయి. పోగుల మధ్య గట్టి ముడులు పడితే ఇక తినలేవు. పూర్వం ఆ ముడులు వేసింది మన మెట్టల్లో పూసే తంగేడు. దాని బెరడులోని వగరుతో పదును చేయడానికి వారాలు పట్టేది. క్రోమియంతో ఒకటి రెండు రోజుల్లో పని అయిపోతుంది. ఆ తోలు మరిగే నీళ్లకు కూడా సాధారణంగా ముడుచుకోదు.

ఈ క్రోమియం ఎలా తయారవుతుంది?

మూలం సోడియం డైక్రోమేట్ అనే నారింజ రంగు ఉప్పు. ఎదుటి పదార్థం నుంచి ఎలక్ట్రాన్లు లాక్కోవడం దాని గుణం. నీళ్లలో కరిగించి, గంధకామ్లం కలిపి, చక్కెర మిల్లుల మడ్డి కొద్దికొద్దిగా పోస్తారు. మడ్డిలోని చక్కెర ఎలక్ట్రాన్లు ఇస్తుంది. ద్రావణం పొంగి, వేడెక్కి, ముదురు ఆకుపచ్చగా మారుతుంది. తోలుకు పట్టేది ఈ ఆకుపచ్చ క్రోమియమే. అది పట్టిన తోలు లేత నీలంగా వస్తుంది.

ఇంకెక్కడ వాడతారు?

మోటారు సైకిల్ భాగాలకు మెరుపుపూత పెట్టే తొట్టెల్లో ఇలాంటిదే క్రోమిక్ ఆమ్లం ఉంటుంది. మురుగునీటిలో ఎంత మలినం ఉందో కొలిచే ప్రయోగశాలల్లో పొటాషియం డైక్రోమేట్ వాడతారు. అది ఎంత ఖర్చయితే మలినం అంత ఎక్కువని లెక్క.

మరి భయం దేనికి?

నారింజ క్రోమియం ఆకారంలో సల్ఫేట్‌ను పోలి ఉంటుంది. అందుకే కణంలోకి సులువుగా దూరి, అక్కడా ఎలక్ట్రాన్లు లాగి, డీఎన్‌ఏను దెబ్బతీస్తుంది. ఏళ్లపాటు ఆ దుమ్ము పీల్చే కార్మికులకు ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు ఉంది. ఆకుపచ్చ క్రోమియం కణంలోకి అంత తేలిగ్గా చొరబడలేదు. చిత్తూరు సరిహద్దు దాటగానే వచ్చే రాణిపేటలో, 1990లలో మూతపడిన క్రోమేట్ కర్మాగారం లక్ష టన్నులకు పైగా వ్యర్థాలు వదిలేసింది. అక్కడి భూగర్భజలం పాడైంది.

మనం చేయగలిగిందేమిటి?

పాత చెప్పులు, తోలు ముక్కలు పొయ్యిలో వేయకండి. ఆ మంటలో ఆకుపచ్చ క్రోమియం కొంత మళ్లీ విషపు రూపానికి మారి బూడిదలో మిగులుతుంది. ఆ బూడిద పెరటి మొక్కలకూ వద్దు.