యాభై శాతం గీత

అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య 1997లో ఒక నిబంధన తెచ్చింది. పోటీకి ముందు జరిపే రక్తపరీక్షలో హిమటోక్రిట్, అంటే మొత్తం రక్తంలో ఎర్రకణాలు ఆక్రమించే వాటా, 50 శాతం దాటిన పురుష రైడర్‌ను రెండు వారాలపాటు పోటీలకు దూరంగా ఉంచడం దాని సారాంశం. ఎరిత్రోపొయెటిన్ (ఈపీఓ) అనే హార్మోన్‌ను మూత్రపిండాలు సహజంగానే తయారుచేస్తాయి; అది ఎముక మజ్జను ప్రేరేపించి ఎర్రకణాలను పెంచుతుంది. డయాలసిస్ రోగుల రక్తహీనతను తగ్గించడానికి వచ్చిన దాని కృత్రిమ రూపం 1990లలో సైక్లింగ్ జట్లలోకి పాకింది. ఎర్రకణాలు పెరిగితే కండరాలకు ప్రాణవాయువు ఎక్కువగా అందుతుంది గనుక కొండదారుల్లో దాని ఫలితం అసాధారణంగా ఉండేది. అయితే మోతాదు మించితే రక్తం చిక్కబడి గుండెకు ముప్పు తెస్తుంది. ఈపీఓను నేరుగా పసిగట్టే పరీక్ష అప్పటికింకా లేకపోవడంతో, సమాఖ్య ఆ నిబంధనను డోపింగ్‌కు శిక్షగా కాక ఆరోగ్య రక్షణ చర్యగానే ప్రకటించింది.

హద్దుగా గీసిన ఆ గీత కొద్దికాలానికే లక్ష్యంగా మారింది. జట్లు హోటల్ గదుల్లోనే చిన్న యంత్రాలతో రక్తాన్ని కొలుచుకుని, అంకె 50కి దగ్గరగా, అయినా దాటకుండా ఉండేలా చూసుకునేవి. తనిఖీ అధికారులు వస్తున్నారని తెలిస్తే సెలైన్ ఎక్కించి రక్తాన్ని పలచబరిచేవి. అందరూ వాడితే అందరూ సమానమే కదా అని నేటికీ వినిపించే వాదన ఇక్కడే వీగిపోతుంది, ఎందుకంటే సహజంగా 41 శాతం ఉన్నవాడికి ఆ గీత లోపల దొరికే లాభం, 48 శాతంతో పుట్టినవాడికి దొరకదు. మందు పోటీని సమం చేయలేదు. మందుకు ఎక్కువగా స్పందించే శరీరానికి పట్టం కట్టింది.

మందు వాడక తప్పదనే ఒత్తిడి జట్టు నాయకుల మీదికంటే వారి వెనుక ఉన్న సహాయక రైడర్ల మీదే ఎక్కువగా పనిచేసింది. సైక్లింగ్‌లో గెలుపు ఒకరిదైనా శ్రమ జట్టుది: ముందున్నవాడు గాలిని చీలుస్తూ సాగితే వెనుకవాడికి శక్తి గణనీయంగా మిగులుతుంది కాబట్టి, నాయకుడిని కొండ మొదలు దాకా కాపాడి తీసుకెళ్లడమూ, నీళ్ల సీసాలు మోసుకురావడమూ సహాయకుల ఉద్యోగం. చుట్టూ ఉన్నవారి వేగం మందుతో పెరిగినప్పుడు, గెలవాలనే ఆశ లేనివాడికి కూడా ఆ ఉద్యోగం నిలుపుకోవడమే కష్టమవుతుంది. ఒకటి రెండేళ్ల ఒప్పందాల మీద బతికే రైడర్‌కు ఆ మాట ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.

1998 జులైలో టూర్ డి ఫ్రాన్స్‌కు ముందు ఫెస్టినా జట్టు సిబ్బందిలో ఒకడైన విల్లీ వోట్ నడుపుతున్న కారులో ఫ్రాన్స్ సరిహద్దు వద్ద ఈపీఓ, గ్రోత్ హార్మోన్ పెద్దఎత్తున దొరకడంతో జట్టే మందు సమకూర్చే ఏర్పాటు బయటపడింది. రైడర్లు ఎవరికివారు వాడి ప్రాణం మీదకు తెచ్చుకోకుండా వైద్యుడి పర్యవేక్షణలో పంపిణీ చేశామన్నది జట్టు యాజమాన్యం ఇచ్చుకున్న సంజాయిషీ. మోసానికి సంక్షేమ పథకం రూపం ఇవ్వడంలో ఇంతకు మించిన ఉదాహరణ అరుదు.

ఆ జట్టులోనే మందు ముట్టని రైడర్‌గా సహచరుల వాంగ్మూలాల్లో కనిపించిన క్రిస్టోఫ్ బాసోన్స్, 1999 టూర్‌లో వేరే జట్టు తరఫున పాల్గొంటూ, పోటీ వేగం నమ్మశక్యంగా లేదని పత్రికలో రాశాడు. పసుపు జెర్సీలో, అంటే మొత్తం పోటీలో అగ్రస్థానంలో ఉన్న లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ పోటీ మధ్యలోనే అతడి పక్కకు వచ్చి, ఇంటికి వెళ్లిపోవడం మేలని చెప్పాడు. రైడర్లలో దాదాపు ఎవరూ బాసోన్స్ పక్షాన నిలబడలేదు, సొంత జట్టు నుంచీ ఆదరణ దక్కలేదు. కొద్దిరోజుల్లో అతడు పోటీ వదిలి, 2001లో వృత్తినే వదిలేశాడు. అతడిని వెళ్లగొట్టినవారిలో చాలామంది దుర్మార్గులు కారు, తమ రహస్యం తమ జీతంతో ముడిపడి ఉన్నవారు మాత్రమే.

ఆర్మ్‌స్ట్రాంగ్ 1999 నుంచి 2005 వరకు గెలిచిన ఏడు టూర్ టైటిళ్లు డోపింగ్ కారణంగా 2012లో రద్దయ్యాయి. ఆ ఏళ్లలో రెండో స్థానంలో నిలిచినవారిలోనూ పలువురి పేర్లు డోపింగ్ కేసుల్లో ఉండటంతో, సమాఖ్య ఆ టైటిళ్లను ఎవరికీ ఇవ్వలేదు. ఈలోగా ఈపీఓను గుర్తించే మూత్రపరీక్ష 2001 నాటికి వాడుకలోకి వచ్చింది; 2008లో జీవ పాస్‌పోర్ట్ ప్రవేశపెట్టారు. అందరికీ ఒకే గీత అనే పద్ధతిని విడిచి, ఒక్కో రైడర్ రక్తాన్ని అతడి పాత నమూనాలతోనే పోల్చి అసహజమైన హెచ్చుతగ్గులను పట్టుకోవడం దాని సూత్రం. మోసగించేవారు దానికీ మార్గం వెతికి, శరీరం త్వరగా వదిలించుకునేంత చిన్న మోతాదులకు దిగారు. పాత రోజుల విచ్చలవిడితనం అలా తగ్గింది, లెక్క వేసుకోవడం మాత్రం ఆగలేదు.