దాచవలసినది తెరిచి, తెరవవలసినది మూసి

కారంచేడులో 1985 జులై 17న మాదిగపల్లె మీద పడినవారికి కులాల జాబితా అవసరం కాలేదు. చుండూరులో 1991 ఆగస్టు 6న కూడా అంతే. ఇల్లు ఊరికి ఏ దిక్కున ఉన్నదో తెలిస్తే చాలింది. అందుకే పత్తి, మిరప పండే ఈ నేలమీద కులం వ్యక్తిగత సమాచారమంటే పెద్దమనుషులు నవ్వుతారు. ఊరందరికీ తెలిసినదానికి గోప్యత ఏమిటని వారి ప్రశ్న.

కానీ ఊరికి తెలిసిన కులం పొలిమేర దాకానే వస్తుంది. కంప్యూటరుకెక్కిన కులం మనిషి ఎక్కడికి పోతే అక్కడికి వస్తుంది. ప్రకాశం జిల్లా పల్లె నుంచి గుంటూరుకో హైదరాబాదుకో చేరి అద్దె గది వెదుక్కునే అమ్మాయికి నగరం ఇచ్చే వెసులుబాటు ఒక్కటే: తాను చెప్పేదాకా తన కులం ఎదుటివారికి తెలియకపోవడం. (చెప్పించేదాకా వదలని ఇంటి యజమానుల సంగతి వేరు.)

ఆ వెసులుబాటు ఎంత పలచనిదో 2018 ఏప్రిల్‌లో తేలింది. ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైటులో లక్షా ముప్పై వేలమందికి పైగా లబ్ధిదారుల ఆధార్ సంఖ్యలు, బ్యాంకు ఖాతాలు, కులమతాలు బహిరంగంగా పడి ఉన్నాయని పరిశోధకుడు శ్రీనివాస్ కొడాలి వెల్లడించారు. కులాన్నిబట్టి, మతాన్నిబట్టి ఇళ్లను వెదికే వీలు కూడా అక్కడ ఉన్నది. 2024 జనవరిలో సచివాలయ సిబ్బంది ఫోన్లు పట్టుకొని కులగణనకు ఇంటింటికీ తిరిగారు. గణన కావాలి, లెక్క తేలకుండా వాటా తేలదు. ఆ లెక్కకు కాపలా ఎవరన్నదే ప్రశ్న.

జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ 2018లో ఇచ్చిన ముసాయిదా, ఆ తర్వాతి 2019 బిల్లు కులాన్ని, తెగను సున్నిత సమాచారంగా గుర్తించాయి. 2023 ఆగస్టులో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలో అటువంటి వర్గమే లేదు. సినిమా టికెట్టు కొన్నవాడి ఫోను నంబరూ, పల్లెవాసి కులమూ దాని దృష్టిలో ఒకటే. సబ్సిడీలు, ధ్రువపత్రాల పేరిట ప్రభుత్వం మళ్లీ అడగకుండానే మన వివరాలు వాడుకోవచ్చు. నిర్లక్ష్యానికి 250 కోట్ల దాకా జరిమానా ఉన్నది, కానీ అది చేరేది కేంద్ర సంచిత నిధికి. నష్టపోయినవారికి పరిహారం చూపిన ఐటీ చట్టం 43ఎ సెక్షనును తొలగించాలని కూడా ఈ చట్టమే నిర్దేశించింది.

ఇంతకన్నా పెద్ద దెబ్బ 44(3) సెక్షనులో ఉన్నది. సమాచార హక్కు చట్టం 8(1)(జె)లో ‘విస్తృత ప్రజాప్రయోజనం’ ఉంటే వ్యక్తిగత సమాచారమైనా ఇవ్వాలన్న నియమం ఉండేది. శాసనసభకు నిరాకరించలేనిది పౌరునికీ నిరాకరించరాదన్న మాట ఉండేది. 2025 నవంబరు నుంచి అవి రెండూ లేవు. వ్యక్తిగతమైతే చాలు, కాదనవచ్చు. 8(2) సెక్షను మిగిలే ఉన్నదని కేంద్రం సమాధానం. అయితే అది ఇవ్వవచ్చు అంటుందే గాని ఇవ్వాలి అనదు. ఆ విచక్షణ ఎవరి చేతిలో ఉంటుందో మండల కార్యాలయం మెట్లెక్కినవారిని అడగండి.

మిరప వేసిన కౌలురైతు పంట నష్టం సొమ్ము ఎవరి పేరున పడిందో తెలుసుకోవాలంటే జాబితా కావాలి. దళితులకిచ్చిన అసైన్డ్ భూమి నేడు ఎవరి అనుభవంలో ఉన్నదో, తప్పుడు కుల ధ్రువపత్రంతో రిజర్వేషను ఉద్యోగం పట్టినదెవరో తేల్చాలన్నా పేర్లే కావాలి. ఉపాధి హామీ సామాజిక తనిఖీల్లో మస్టరు పేర్లు గ్రామసభలో పైకి చదివిన రాష్ట్రం మనది. ఆ పేర్లు వినిపించినందువల్లనే దొంగ హాజర్లు బయటపడ్డాయి.

కాబట్టి కులాన్ని ప్రత్యేక రక్షణ గల సమాచారంగా చట్టంలో తిరిగి చేర్చాలి, నష్టపోయిన మనిషికి పరిహారం దక్కాలి, 8(1)(జె)ని పాత రూపానికి తేవాలి. ఈ మూడింటిలో చివరిది అత్యవసరం. కౌలురైతు అర్జీకి ‘అది వ్యక్తిగత సమాచారం’ అని జవాబు రాయడానికి ఇప్పుడు గుమస్తాకు ఒక్క వాక్యం చాలు.