మోటారు కాలిందా? ముందు జాయింటు చూడండి

బోరు మోటారు కాలిపోతే రైతు మొదట కరెంటోళ్లను తిడతాడు, తర్వాత మోటారు కంపెనీని. తిట్టడానికి కారణాలు లేకపోలేదు. వేలు పోసి వైండింగ్ కట్టించుకొస్తాడు. స్టార్టర్ డబ్బాలో తీగ కొసకు బిగించిన లగ్గు మాత్రం నల్లబడి ఉన్నచోటే ఉంటుంది. కొన్నాళ్లకు మోటారు మళ్లీ షాపుకెళుతుంది.

లగ్గు దగ్గరైనా, జాయింటు దగ్గరైనా రెండు లోహాలను ఎంత బిగించినా పైకి కనిపించినంత మేరా అవి ఆనవు. నున్నగా తోచే రాగిపైన కూడా సూక్ష్మమైన ఎత్తుపల్లాలుంటాయి. ఎత్తులు కలిసిన కొద్ది చుక్కల్లోంచే కరెంటంతా పోవాలి. స్వీడన్ శాస్త్రవేత్త రాగ్నర్ హోల్మ్ జీవితంలో చాలాభాగం ఈ చుక్కల మీదే పరిశోధన చేశాడు. బిగింపు సడలితే చుక్కలు తగ్గుతాయి, నిరోధం పెరుగుతుంది.

5 హెచ్‌పీ త్రీఫేజ్ మోటారు పూర్తి లోడు మీద ఫేజుకు సుమారు 7.5 ఆంపియర్లు తీసుకుంటుంది. లూజు జాయింటులో అర ఓమ్ నిరోధం చేరిందంటే అక్కడ 28 వాట్ల వేడి పుడుతుంది. అంటే గోరంత చోట ఒక సోల్డరింగ్ ఐరన్ కాలుతున్నట్టే! స్టార్టయ్యే క్షణాల్లో కరెంటు 5, 6 రెట్లవుతుంది, వేడి 25 నుంచి 36 రెట్లు. ఆ వేడికి ఆక్సైడు పొర మందమవుతుంది, నిరోధం ఇంకా పెరుగుతుంది. చివరికి ఒక ఫేజు తెగిపోతుంది. మిగిలిన రెండు ఫేజులే భారం మోస్తాయి. స్టార్టర్‌లోని ఓవర్‌లోడ్ రిలే సరిగా పనిచేయకపోతే వైండింగ్ మాడిపోతుంది.

అన్నిటికన్నా చెడ్డది అల్యూమినియం తీగనూ రాగి తీగనూ మెలేసి టేపు చుట్టడం. మన పొలాల్లో ఇది మామూలే. అల్యూమినియం మీద గాలి తగలగానే ఏర్పడే ఆక్సైడు కరెంటును పోనివ్వదు. వేడికి అల్యూమినియం రాగికన్నా ఎక్కువ సాగుతుంది, చల్లబడ్డాక పట్టు వదులుతుంది. తడి తగిలిందా, రెండు లోహాల మధ్య రసాయన చర్య మొదలై అల్యూమినియాన్ని తినేస్తుంది. ఇలాంటి చోట బైమెటల్ లగ్గు వాడాలి. దాని ఒక కొస అల్యూమినియం, రెండోది రాగి. ఫ్యాక్టరీలోనే అతికి వస్తాయి. ధర కాస్త ఎక్కువే, అయినా పిసినారితనం చూపే చోటు కాదిది.

లగ్గు సైజు కేబుల్ సైజుకు సరిపోవాలి. పట్టడం లేదని పోగులు కత్తిరిస్తే ఆ మేరకు కేబులే సన్నబడినట్టు. సుత్తితో కొట్టకుండా క్రింపింగ్ టూల్‌తో నొక్కించండి. తీగ కొసకు సోల్డర్ పోసి స్క్రూ కింద బిగిస్తే ముచ్చటగా కనిపిస్తుంది గానీ, ఒత్తిడికి సోల్డర్ మెల్లగా జరిగిపోతుంది. తీగలను ప్లగ్గులతో కలిపే చోట, యంత్రాల మీద అదురు ఎక్కువ కాబట్టి లాక్ ఉన్న ప్లగ్గులే తీసుకోండి. ప్లగ్గు మీద ఐపీ 67 అని రాసి ఉంటే దుమ్ము దూరదని, ఒక మీటరు లోతు నీళ్లలో అరగంట తట్టుకుంటుందని అర్థం. దాన్ని నమ్మి బోరులోకి దించకండి. అక్కడ లోపల జిగురున్న హీట్ ష్రింక్ స్లీవ్‌తో సబ్‌మెర్సిబుల్ జాయింటే వేయించాలి.

ఈసారి మోటారు పైకి తీయించే ముందు స్టార్టర్ డబ్బా తెరిపించి నల్లబడ్డ లగ్గులు, గట్టిపడ్డ తీగ తొడుగులు ఉన్నాయేమో చూపించండి. కరెంటు లేదు కదా అని ధైర్యం చేయకండి: ఆటో స్టార్టర్ ఉన్నచోట కరెంటు రాగానే మోటారు దానంతటదే తిరుగుతుంది. మెయిన్ స్విచ్ దించాకే డబ్బా మీద చెయ్యి వేయాలి.