గణకశ్రేష్ఠులు కల్యంపూడి రాధాకృష్ణారావుగారు

మన చీపురుపల్లి స్టేషనుమీదుగా పోవు రైలుమార్గముననే 1940 లో ఒక యువకుడు విశాఖపట్టణమునుండి కలకత్తాకు ఉద్యోగము వెదకుకొనుచు పోయెను. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితశాస్త్రమున ఎం. ఏ. ప్రథమశ్రేణిలో ముగించియు పరిశోధనకు వేతనము దొరకనివాడు. యుద్ధకాలమగుటచే సైనికశాఖవారి సర్వే విభాగమున గణితజ్ఞుని పని గలదని విని పోయెను గాని అదియు లభింపలేదు. ఆ యువకుడే పిమ్మట ప్రపంచమంతయు నెఱిగిన సి. ఆర్. రావుగారు.

కలకత్తాలో నుండగా వారికి ప్రశాంతచంద్ర మహలనోబిసుగారు 1931 లో స్థాపించిన గణాంకశాస్త్ర సంస్థనుగూర్చి తెలిసెను. అచ్చట శిక్షణ పొందవలెనన్న నెలకు సుమారు 30 రూపాయలు కావలెను. ఇంటికి మరలి తల్లి లక్ష్మీకాంతమ్మగారితో చెప్పగా, ఆమె సొమ్ము ఎట్లో సమకూర్చెదనని చెప్పి కుమారుని పొమ్మనెను. పదిమంది బిడ్డలను గన్న తల్లికి ఆ కాలమున 30 రూపాయలు ఎంతటి మొత్తమో మన విద్యార్థుల తల్లిదండ్రులకు మేము వేఱుగ చెప్పనక్కఱలేదు. 1941 జనవరి 1 వ తేదీన రావుగారు ఆ సంస్థలో చేరిరి.

వారు 1920 సెప్టెంబరు 10 వ తేదీన బళ్లారి సీమలోని హడగళిలో జన్మించిరి. ఎనిమిదవ సంతానమగుటచే, దేవకి యెనిమిదవ కుమారుని పేరు వచ్చునట్లు రాధాకృష్ణుడని పేరిడిరి. తండ్రి దొరస్వామినాయుడుగారు పోలీసు ఇన్‌స్పెక్టరు. బదిలీలవలన బాలుని చదువు గూడూరు, నూజివీడు, నందిగామలలో సాగి, తుదకు విశాఖపట్టణము చేరెను. తల్లి ప్రతిదినము తెల్లవాఱుజాము నాలుగు గంటలకు లేపి, నూనెదీపము వెలిగించి చదువుకొన కూర్చుండబెట్టెడిదని రావుగారు పెద్దవారైన పిమ్మట తమ గ్రంథమున కృతజ్ఞతతో వ్రాసికొనిరి.

నేడు కంప్యూటరనగా యంత్రము. ఆ దినములలో ఇంగ్లీషున ఆ మాటకు లెక్కలు వేయు మనుష్యుడనియే అర్థము. కలకత్తా సంస్థలో అట్టివారు చేతితో త్రిప్పు యంత్రములకడ కూర్చుండి గుణకారములు భాగహారములు చేయుచుండిరి. లెక్క ఇంత కష్టమైనచోట, ఏ లెక్క వేయుట వ్యర్థమో ముందుగ తెలిసికొనుట గొప్ప లాభము. రావుగారి కీర్తికి మూలమైన సిద్ధాంతము అట్టిదే.

1944 లో వారు కలకత్తా విశ్వవిద్యాలయమున పాఠము చెప్పుచుండగా వి. ఎం. దండేకరను విద్యార్థి లేచి, గొప్ప సంఖ్యలో కొలతలున్నపుడు నిలుచు ఆ సూత్రము కొలది కొలతలకును నిలుచునా యని యడిగెను. రావుగారు ఆ రాత్రియే సాధించి మఱునాడు తరగతిలో చూపిరి. (పాఠము ముగియవలెనను తొందరలో ఇట్టి ప్రశ్నలను మేమును ఒకటి రెండుసార్లు కూర్చుండుమని త్రోసివేసితిమి; ఇది వ్రాయునపుడు ఆ బాలుర ముఖములు జ్ఞప్తికి వచ్చుచున్నవి.)

సూత్రముయొక్క భావమిది. ఒక నూతి లోతును పలువురు త్రాటితో కొలిచిరనుకొనుడు. ఒక్కొక్కనికి కొంచెము భేదము వచ్చును. సగటు నిజమునకు దగ్గఱగ నుండును. ఎంత దగ్గఱ? ఒకవైపునకు మొగ్గని పద్ధతులలో ఎంత నేర్పైనదానిని చేపట్టినను, ఆ కొలతలలో నున్న సమాచారమును మించిన నిక్కమును పిండలేము. తప్పునకొక కనిష్ఠపు హద్దు గలదు. సాధారణముగ తప్పు సగము కావలెనన్న కొలతలు నాలుగింతలు కావలెను. పదవవంతు కావలెనన్న నూఱింతలు. రావుగారు దీనిని 1945 లో ప్రకటించిరి. స్వీడను దేశీయుడగు క్రామర్ వేఱుగ కనుగొనుటచే ఇది క్రామర్‌-రావు హద్దని ప్రసిద్ధమయ్యెను.

మఱియొకటి మన రైతుబిడ్డలకు సులభముగ తెలియును. వరికి రెండువిధముల విత్తనములు, రెండువిధముల యెరువులు, రెండు నాటుకాలములు ఉన్నవనుకొనుడు. అన్ని కలయికలకును ఎనిమిది మడులు కావలెను. కాని నాలుగిటితో సరిపెట్టవచ్చును. మొదటి విత్తనమునకు ఒక మడిలో మొదటి యెరువు మొదటి కాలము, వేఱొకదానిలో రెండవ యెరువు రెండవ కాలము. రెండవ విత్తనమునకు ఒక మడిలో మొదటి యెరువు రెండవ కాలము, వేఱొకదానిలో రెండవ యెరువు మొదటి కాలము. పలకమీద వ్రాసి చూడుడు: ఏ రెండు విషయములను తీసికొన్నను వాని నాలుగు కలయికలును ఒక్కొక్కసారి వచ్చినవి. అయితే విత్తనము ఎరువు పరస్పరము కలిసి ఫలమును మార్చినచో, ఆ మార్పును ఈ నాలుగు మడులు విడదీసి చూపలేవు. ఇట్టి కూర్పులను రావుగారు 1947 లో విస్తారముగ వివరించిరి. నేడు కంప్యూటరు ప్రోగ్రాములలో దోషములు వెదకువారును, అన్ని కలయికలను పరీక్షింప వీలుకానపుడు, ఈ కూర్పులనే వాడుచున్నారు.

1946 లో కేంబ్రిడ్జికి పోయి, సూడానులో త్రవ్వితీసిన ప్రాచీన మానవుల యెముకల కొలతలను లెక్కించి, ఫిషర్ పండితునికడ 1948 లో డాక్టరు పట్టము పొందిరి. ఆ యేటనే భార్గవిగారిని వివాహమాడిరి. సంస్థకు 1956 లో ఇంగ్లండునుండి నిజమైన కంప్యూటరు వచ్చెను. నలువదేండ్లకు దగ్గఱగ అచ్చటనే పనిచేసి, 1979 లో అమెరికాకు పోయి పిట్స్‌బర్గులోను, 1988 నుండి పెన్సిల్వేనియా రాష్ట్ర విశ్వవిద్యాలయములోను బోధించిరి. హైదరాబాదు విశ్వవిద్యాలయ ప్రాంగణమున గణిత, గణాంక, కంప్యూటరు శాస్త్రములకు వారి పేర ఒక సంస్థ వెలసినది. వార్ధక్యమున బఫలో నగరమున కుమార్తె చెంత నుండిరి. 1945 నాటి ఆ పనికి 2023 లో అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమానము వచ్చెను; ఆ యేడే ఆగస్టు 22 న, నూట రెండేండ్ల వయస్సున, అచ్చటనే కన్నుమూసిరి.