అద్దపు తెరకు అసలు ఖరీదు

ఇల్లు కట్టుకొనువారు మొదట పునాదిని, గోడలను, కప్పును గూర్చి ఆలోచింతురు. స్నానాల గదిని గూర్చిన ఆలోచన కడపట వచ్చును. అప్పటికి చేతిలోని సొమ్ము చాలవరకు కరగిపోయి యుండును. ఇటీవల మన పట్టణములలో స్నానము చేయు తావును తక్కిన గదినుండి వేరుచేయుచు నిలువెత్తు అద్దపు తెరను బిగించు అలవాటు విస్తరించినది. షవరు తుంపురులు గదియంతయు చిందకుండుట, నేల తడిసి కాలు జారకుండుట దీని ప్రయోజనములు. కాని ఎంత ఖర్చగునని విచారించినచో ఒక దుకాణములో ఒక ధరయు, మరియొక దుకాణములో దానికి చాల హెచ్చు ధరయు చెప్పుదురు. ఈ తేడా ఎచ్చట పుట్టుచున్నదో తెలిసికొన్నగాని గృహస్థు సరియైన బేరము చేయజాలడు.

అన్నిటికంటె ముందు గాజు జాతిని తెలిసికొనవలెను. సాధారణపు గాజు పగిలినచో కత్తులవంటి పొడవైన పెచ్చులగును. తడినేలపై జారి దానిపై పడిన మనిషికి అది ప్రాణాపాయము. కావున ఈ పనికి టఫెన్డ్ గ్లాసునే వాడవలెను. పలకను కొలిమిలో సుమారు 620 డిగ్రీల సెంటిగ్రేడు వరకు వేడిచేసి, వెంటనే ఇరువైపులనుండి గాలిని వేగముగా కొట్టించి చల్లార్తురు. పై పొరలు ముందుగా గట్టిపడును. లోపలి భాగము తరువాత చల్లబడుచు ముడుచుకొనబోవును. అందుచే పై పొరలు ఎల్లప్పుడును అదుముడులో నుండును. ఈ అదుముడే దాని బలము. సాధారణపు గాజుకన్న సుమారు నాలుగు రెట్లు బలము గలిగి, పగిలినను అది చిన్నచిన్న మొద్దు పలుకులుగా రాలును. 1874లో ఫ్రాన్సు దేశీయుడు డి లా బాస్టీ వేడి గాజును నూనెలో ముంచి గట్టిపరచు పద్ధతికి పేటెంటు పొందెను. నూనెకు బదులు గాలిని వాడుట తరువాత వచ్చినది.

ఈ రెండు జాతుల గాజును కంటికి ఒక్కతీరుగనే కనిపించును. టఫెన్డ్ పలక మూలలో చెరగని ముద్ర యుండవలెను. మన దేశమున భద్రతా గాజునకు ఏర్పరచిన ప్రమాణము ఐ.యస్. 2553. ముద్ర లేని పలకను ధర తక్కువయని కొనరాదు.

గట్టిపరచుటనుండియే ఒక చిక్కును పుట్టుచున్నది. ఒకసారి గట్టిపరచిన పలకను మరల కోయుటకుగాని, రంధ్రము చేయుటకుగాని వీలులేదు. ప్రయత్నించినచో పలక యంతయు ముక్కలగును. కాబట్టి కోత, అంచుల మెరుగు, బందులకు వలయు రంధ్రములు అన్నియు కొలిమికి పోకముందే ముగియవలెను. చెక్క తలుపు బిగువైనచో వడ్రంగి చిత్రిక పట్టి సరిచేయును. అద్దపు తలుపు అరంగుళము పెద్దదైనచో దానిని పారవేసి క్రొత్తది చేయించుటయే గతి. అందుచే ఈ పనిలో కొలతయే సగము డబ్బని చెప్పవచ్చును.

గోడలు కంటికి నిటారుగా కనిపించినను, అడుగున ఒక కొలతయు, నడుమ ఒకటియు, పైన మరియొకటియు రావచ్చును. నేలయు నీరు పోవు తూము వైపునకు వాలుగా నుండును. అందుచే టైల్సు పని పూర్తియైన పిదపనే, తూకపుగుండుతోను రసమట్టముతోను వాలు చూచి, వెడల్పును మూడు చోట్లను ఎత్తును రెండు చోట్లను కొలువవలెను. గోడలో నీటి గొట్టము ఎచ్చట పోవుచున్నదో మేస్త్రిని అడిగి గుర్తు వేయించుకొనుటయు అవసరము. డ్రిల్లు గొట్టమునకు తగిలినచో అద్దపు ఖర్చునకు తోడు గోడ త్రవ్వు ఖర్చును వచ్చిపడును.

ఇక లెక్క చూతము. నాలుగున్నర అడుగుల వెడల్పు, ఆరున్నర అడుగుల ఎత్తు గల తెర యనుకొందము. దాని వైశాల్యము 29.25 చదరపు అడుగులు, అనగా సుమారు 2.7 చదరపు మీటర్లు. గాజు బరువును కనుగొనుటకు సులభమైన సూత్రము కలదు: ఒక చదరపు మీటరు పలకకు, ప్రతి మిల్లీమీటరు మందమునకును రెండున్నర కిలోలు. ఆ లెక్కన ఈ తెర 8 మిల్లీమీటర్ల మందమైనచో సుమారు 54 కిలోలు, 10 మిల్లీమీటర్లదైనచో సుమారు 68 కిలోలు తూగును. మందము పెరిగిన కొలది గాజు ధరయే గాక, ఆ బరువును మోయవలసిన బందుల ధరయు, ఎత్తి నిలుపవలసిన మనుష్యుల కూలియు పెరుగును.

వర్తకుడు చదరపు అడుగునకు ఇంతయని చెప్పునప్పుడు ఆ ధర గాజునకు మాత్రమేనా యని అడుగవలెను. అంచుల మెరుగు, రంధ్రములు, బందులు, పిడి, రబ్బరు పట్టీలు, సిలికాను పూత, రవాణా, మేడమీదికి మోత, బిగింపు కూలి, జి.యస్.టి. ఇవి చేరినవో లేదో ఒక్కొక్కటిగా వ్రాయించుకొనవలెను. రెండు దుకాణముల జాబితాలు ఒక్కటిగా నున్నప్పుడే ధరలను పోల్చి చూచుటలో అర్థమున్నది. బందులు స్టెయిన్‌లెస్ స్టీలువైనచో 304 రకమునకు తగ్గరాదు. విశాఖపట్టణము, కాకినాడ, మచిలీపట్టణము వంటి తీరప్రాంతములలో ఉప్పుగాలికి 316 రకము ఇంకను మేలు.

కూలి విషయమున పొదుపు చూపుట తగదు. టఫెన్డ్ పలక నడుమ ఎంత బలమైనదో అంచున అంత సుకుమారమైనది. మూల టైల్సుకు తగిలిన చాలును, ముక్కలుముక్కలగును. దానిని ఇరువురు పట్టుకొని, చెక్కపై గాని గోనెపై గాని దింపి నిలుపవలెను. ఒక్కడే వచ్చి చౌకగా బిగించెదనను పనివాడు తన చేతులను, మీ సొమ్మును కూడ అపాయమున పెట్టుచున్నాడని గ్రహింపుడు. పనివారికి చేతి తొడుగులును, గట్టి పాదరక్షలును ఉన్నవో లేవో చూచుట గృహస్థుని ధర్మము.

అన్నిటికన్న ముఖ్యమైన మాట యొకటి. కొలత ఒకరును, గాజు మరియొకరును, బిగింపు వేరొకరును చేసినచో, పలక అమరనినాడు ముగ్గురును ఒకరినొకరు చూపుదురు. నష్టము మాత్రము ఇంటివానిది. కాబట్టి మూడు పనులకును ఒక్కనినే బాధ్యునిగా చేసికొనుడు. కొలత తప్పైనచో క్రొత్త పలక అతని ఖర్చేయని కాగితముపై వ్రాయించుడు. సొమ్ములో కొంత నిలిపియుంచి, సిలికాను ఆరుటకు ఒక దినము విడిచి, షవరు విప్పి నీరు కారుట లేదని చూచిన తరువాతనే చెల్లింపుడు. అట్టి బాధ్యత వహించు పనివాడు కొంత హెచ్చు అడిగినను, ఆ హెచ్చు వృథా కాదు.

తలుపు వెలుపలికి తెరచుకొనునట్లు బిగింపించుట మరువరాదు. లోపల పెద్దవారెవరైన పడిపోయినచో, లోపలికి తెరచుకొను తలుపునకు వారి శరీరమే అడ్డగును. బోరునీటిలో సున్నపు పదార్థము హెచ్చుగా నున్న ఊళ్లలో అద్దముపై తెల్లని మచ్చలు కట్టును. స్నానమైన వెంటనే రబ్బరు పట్టీతో తుడిచినచో అవి పేరుకొనవు.

ఇంతయు తమ శక్తికి మించినదని తోచినవారికి ప్లాస్టిక్ తెరయో, నడుమెత్తు గోడయో చాలును. నీటిని ఆపుట వాటికిని సాధ్యమే. సాధారణపు గాజుతో చౌకగా అద్దపు తెర కట్టించుకొనుట మాత్రము కూడదు. అందు మిగిలిన కొద్ది రూపాయలకు హామీగా నిలుచునది ఆ యింటి పసివారి ప్రాణము.