అమ్మ కడుపులో పాత వైరస్ చేసిన మేలు!

ప్రెగ్నెన్సీ కిట్ మీద రెండో గీత కనిపిస్తే చాలు, ఇంట్లో సందడే సందడి. ఆ గీత పడేది హెచ్‌సీజీ అనే హార్మోన్ వల్ల. ఆ హార్మోన్‌ని తయారుచేసేది మాయ. మరి ఆ మాయ ఏర్పడటానికి ఒకప్పటి వైరస్ జన్యువు సాయం చేస్తోందంటే నమ్ముతారా?

మామూలుగా మన ఒంట్లో కణాలు ఎవరి గదిలో వాళ్లు తలుపేసుకున్నట్టు ఉంటాయి. మాయ పైపొరలో మాత్రం అలా కాదు. అక్కడి కణాలు గోడలు చెరిపేసుకుని, సందన్నదే లేకుండా ఒకే పొరగా కలిసిపోతాయి. తల్లి రక్తంలోని ఆక్సిజన్, పోషకాలు బిడ్డకు చేరేది ఈ పొర గుండానే. నెలలు నిండేసరికి దీని వైశాల్యం సుమారు 12 చదరపు మీటర్లు. అంటే ఓ పది బై పన్నెండు గదంత!

హ్యాకర్ కోడే దిక్కయింది

కణాలను ఇలా కలిపే ప్రోటీన్ పేరు సిన్సిటిన్. దాని జన్యువు ఒక రెట్రోవైరస్ నుంచి వచ్చిందని 2000లో బయటపడింది. వైరస్ మన కణంలోకి దూరాలంటే తన పొరను కణం పొరతో కలిపేయాలి కదా, అందుకు వాడే ప్రోటీనే ఇది. రెండున్నర కోట్ల ఏళ్ల కిందటే ఆ వైరస్ మన పూర్వీకుల డీఎన్‌ఏలో చేరిపోయింది. అప్పట్నుంచీ తరతరాలుగా కాపీ అవుతూ వస్తోంది. ఇలా చేరిన వైరస్ జన్యువుల్లో చాలావరకు పాడైపోయాయి. ఇది పనికొచ్చింది కాబట్టి నిలిచింది. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, హ్యాకర్ వదిలిన కోడ్‌ని ప్రొడక్షన్‌లో వాడేసుకోవడం! మన డీఎన్‌ఏలో సుమారు 8 శాతం ఇలా రెట్రోవైరస్‌ల నుంచి వచ్చిందే.

ఎలుకల్లోనూ ఇలాంటి జన్యువులున్నాయి. కాకపోతే అవి వేరే వైరస్‌ల నుంచి విడిగా వచ్చినవి. వాటిలో ఒకదాన్ని ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు తీసేసి చూస్తే, పిల్లలు కడుపులోనే చనిపోయాయి. 2009లో ఆ ఫలితాలు వచ్చాయి.

ఆ ఫార్వర్డ్ సంగతేంటి?

2020 చివర్లో ఈ ప్రోటీన్ పేరు చెప్పే ఓ పుకారు ప్రపంచమంతా తిరిగింది. కోవిడ్ టీకాతో పుట్టే యాంటీబాడీలు సిన్సిటిన్ మీదా దాడి చేస్తాయని, ఇక పిల్లలు పుట్టరని దాని సారాంశం. నిజానికి కరోనా స్పైక్ ప్రోటీన్‌కీ, సిన్సిటిన్‌కీ చెప్పుకోదగ్గ పోలికే లేదు. పైగా కోవిడ్ సోకినా స్పైక్ మీద యాంటీబాడీలు పుడతాయి. మరి కోవిడ్ వచ్చి తగ్గినవాళ్లకు పిల్లలు పుట్టడం ఆగిపోలేదుగా! ఐవీఎఫ్ చేయించుకున్న మహిళలను పోల్చి చూసినా, టీకా వేసుకున్నవాళ్లకీ వేసుకోనివాళ్లకీ గర్భం నిలవడంలో తేడా కనిపించలేదు.

నష్టం జరిగింది భయం వల్ల. గర్భిణులకు కోవిడ్ సోకితే ప్రమాదం ఎక్కువ. టీకా అవసరం ఎక్కువున్నదీ వాళ్లకే, ఈ పుకారు వెనక్కి లాగిందీ వాళ్లనే.

రేపు అక్కో, వదినో అలాంటి మెసేజ్ చూపిస్తే ‘అదంతా ఉత్తిదే’ అని కొట్టిపారేయకండి. ఈ కథ చెప్పండి. ఇంకా అనుమానముంటే డాక్టర్ దగ్గరికి తోడు వెళ్లండి.