కంచెలోని బిల్బీకి పిల్లి భయం

మన 'పందికొక్కు' అనే మాట ఆంగ్లంలో 'బాండికూట్' అయినది. ఆంగ్లేయులు ఆ పేరును ఆస్ట్రేలియాకు కొనిపోయి, అచట కనిపించిన పొడవు మూతి గల చిన్న జంతువులకు పెట్టారు. నిజానికి వాటికి ఎలుక జాతితో బంధుత్వం లేదు. అవి కంగారూ వలె పిల్లలను పొట్ట సంచిలో పెంచుకొనే జీవులు. కుందేటి చెవుల బిల్బీ కూడా ఆ వర్గానికి చెందినదే.

ఒకప్పుడు ఆ ఖండంలో దాదాపు 70 శాతం మేర సంచరించిన బిల్బీ నేడు వాయవ్య ఎడారులకు, క్వీన్స్‌లాండ్ నైరుతి మూలకు పరిమితమైనది. దాని చిన్న సోదరజాతి గత శతాబ్దంలోనే అంతరించినది. 1788 తరువాత వలసవచ్చినవారి వెంట పిల్లి వచ్చినది. 19వ శతాబ్దంలో వేట వినోదానికై ఎర్రనక్కను తెచ్చారు. 1859లో విక్టోరియాలో వదలిన కుందేళ్ళు పచ్చికను మేసివేయుటే గాక, ఆ నక్కలకు, పిల్లులకు కరవులేని ఆహారమైనవి. బిల్బీ పోతే నష్టం దానితో ఆగదు. అది తవ్విన గుంటలలో ఆకులు, విత్తనాలు, తేమ చేరి మొలకలెత్తుతాయి. దాని బొరియలలో ఇతర ప్రాణులు ఎండకు తలదాచుకుంటాయి.

నక్కల నిర్మూలనకు వాడే '1080' అనే విషం కథ ఆసక్తికరమైనది. పశ్చిమ ఆస్ట్రేలియాలోని కొన్ని మొక్కలలో అది సహజంగానే ఉన్నది. వాటి నడుమ తరతరాలుగా బ్రతికిన అచటి జంతువులకు దానిని కొంతవరకు తట్టుకొనే శక్తి అలవడినది. పరదేశపు నక్కకు అది లేదు. అందుచేతనే 1996 నుండి ఆ రాష్ట్రంలో విషపు ఎరలను విస్తృతంగా వేస్తున్నారు. అయితే పిల్లి ప్రాణమున్న ఎరనే కోరుతుంది గనుక, ఎరను అంత సులభంగా ముట్టదు.

కనుక కంచెలు వెలసినవి. దక్షిణ ఆస్ట్రేలియాలోని రాక్స్‌బీ డౌన్స్ సమీపాన 1997లో ఆరంభమైన 'ఆరిడ్ రికవరీ' అభయారణ్యం 123 చదరపు కిలోమీటర్లది. ఎగబ్రాకిన పిల్లి పట్టు చిక్కక వెనుకకు పడునట్లు కంచె పైభాగాన్ని ఊగులాడేలా వంచి అమర్చారు. లోపల బిల్బీలు వృద్ధి చెందినవి. కానీ శత్రువెరుగని జీవి శత్రుభయాన్ని మరచిపోతుంది; అట్టిదానిని బయట వదలితే పిల్లి నోట పడుతుంది. అందువలన పరిశోధకులు ఒక ఆవరణలో కొద్దిపాటి పిల్లులను ఉండనిచ్చి చూశారు. వాటి నడుమ మసలిన బిల్బీలు మరింత జాగరూకత అలవరచుకొన్నవనీ, పిల్లులున్న చోట వదలినపుడు మిగిలినవాటికంటె మెరుగుగా బ్రతికినవనీ 2019లో వెల్లడించారు. ఇది క్రూరమని తోచవచ్చు. కాని ఖండమంతటా కంచె వేయుట సాధ్యం కాదు గదా!

కంచె వెలుపల మిగిలిన బిల్బీలలో అధికభాగం ఆదివాసుల అధీనంలోని భూములలోనే ఉన్నవి. వారు చల్లని కాలంలో చిన్న చిన్న మంటలు పెట్టి, వేసవి దావానలం ఒక్కసారిగా వ్యాపించకుండా చూస్తారు. గిబ్సన్ ఎడారిలోని కివిర్‌కురా గ్రామపు పింటుపి ప్రజలు బిల్బీని 'నిను' అంటారు. అచటి వేటగాండ్రు, వారిలో స్త్రీలు కూడా, ఇసుకలో పిల్లి అడుగుజాడలను కాలినడకన వెంబడించి దానిని పట్టగలరు.